గెయిన్ సగానికి తిప్పాక

రేపు కాంట్రాక్టు కార్మికుల సభలో మా పాటకి లీడ్ గిటార్ నాదే. పొద్దుటి నుంచి ద్వారకా నగర్ గదిలో సాధన చేసి చేతులు పడిపోయాయి. కోపం వినిపించాలని ఆంప్‌లో గరగర పెంచే గెయిన్ మరను చివరికంటా తిప్పాను. ఎంత వాయించినా రొదే తప్ప ట్యూన్ తేలలేదు.

చర్చిలో బేస్ గిటార్ వాయించే మా జోసెఫ్ వచ్చి విన్నాడు.

"ఏటి బావ, పాట వాయిత్తన్నావా, రేకులు కోత్తన్నావా?"

"ఇది పోరాట పాట!" అని అరిచాను.

"అయితే ఏటి? మా చర్చిలో ఆఖరి బెంచీ మామ్మకి పాట ఇనబడితేనే సౌండు సరిపోయినట్టు" అంటూ గెయిన్ సగానికి తగ్గించి, మధ్య స్వరాలు తేలేలా మిడ్ పెంచి, కీచుదనం తగ్గేలా గిటార్ మీద టోన్ కాస్త వెనక్కి తిప్పాడు.

మళ్ళీ వాయిస్తే అదే పాట తేటగా సాగింది. వాదించే ఓపిక కూడా లేక ఒప్పేసుకున్నాను.

ఇన్ని పోరాట కరపత్రాలు చదివాను, వినబడాలంటే గొంతు తగ్గించమని ఒక్కదాంట్లోనూ లేదు. మీకెక్కడైనా కనిపిస్తే పంపండి.