తాత రిటర్ను, అవ్వ పళ్లు

ఢిల్లీలో కూర్చుని పన్నుల చట్టాలు రాసే పెద్దసార్లకు ఎప్పుడన్నా అనుమానం వస్తే, హాలియాలో బస్సు దిగి, ఆటో ఎక్కి, మా తాత గాలయ్యను అడిగి పోవాలి. ఈ దేశంలో ఆయన కంటే బాగా ఆదాయపు పన్ను రిటర్ను వేసిన మనిషి ఇంకా పుట్టలేదు. ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఒక్క అబద్ధం లేకుండా, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లను ఏడిపించి మరీ వేశాడు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను ఇంటర్ దాకా పోయి లెక్కల్లో రెండుసార్లు తప్పాను కాబట్టి, మా ఇంట్లో పెద్ద చదువు నాదే.

తాత ముప్పై ఒక్క ఏళ్లు సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా పనిచేశాడు. లస్కరంటే కాలువ గట్టు మీద తిరుగుతూ, ఎవరి వంతు వస్తే వాళ్ల తూముకు షట్టరు ఎత్తి, వంతు అయిపోగానే దించే మనిషి. ఇనుప తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగేవాడట. ఒక ఎండాకాలం మా అవ్వ గుర్వమ్మ పుట్టింటివాళ్ల వరి ఎండుతుంటే, వాళ్ల వంతుకు ఇంకా రెండు రోజులుందని షట్టరు ఎత్తలేదు. అవ్వ మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదని తాత చెప్తాడు. నాలుగు నెలలని అవ్వ సరిచేస్తుంది.

రిటైరయినప్పుడు వచ్చిన డబ్బును తాత బ్యాంకులో డిపాజిట్ చేశాడు. నెలనెలా పింఛను వస్తుంది, ఊరి పక్కన రెండెకరాల పొలం ఉంది. అమ్మ, బాపు మిర్యాలగూడలో రైసుమిల్లు పనికి పోయి అక్కడే ఉంటారు. నేను మాత్రం అవ్వాతాతల దగ్గర ఉండి, వాళ్లకు సాయం చేస్తున్నానని అందరికీ చెప్పుకుంటాను.

కథంతా 2022 జూన్‌లో మొదలైంది. బ్యాంకు పాసుబుక్కులో తాత వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదువుతుంటే, డిపాజిట్ వడ్డీలోంచి పది వేల ఆరు వందల నలభై రూపాయలు పన్ను కింద కోసినట్టు కనబడింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో తాత చేసిన పొరపాటు అది. అరవై దాటినవాళ్లు ఏటా బ్యాంకులో ఒక కాగితం ఇవ్వాలి, నా ఆదాయం మీద పన్ను పడదు, కోయకండి అని. తాతకు ఆ సంగతి తెలుసు. కానీ అప్పుడు యాసంగి కోతలు, వడ్లు కల్లంలో ఉన్నాయి. వడ్లు కల్లంలో ఉండగా, నాకు ఆదాయం లేదని ఎక్కడా సంతకం పెట్టకూడదని వాయిదా వేశాడు. వాయిదా వేసి మర్చిపోయాడు.

ఇక్కడ మా తాత సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర వడ్లు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని పోతుంది లెక్క. ఇప్పుడు కొలతలు లేవు, కొనుగోలు సెంటరులో కాంటా మీద బస్తాలు తూస్తారు. అయినా తాత మొదటి బస్తా కాంటా ఎక్కగానే గట్టిగా లాభం అంటాడు. హమాలీలు నవ్వుతారు. రాశి దగ్గర లేదు, తక్కువ, అయిపోయింది అన్న మాటలు మా ఇంట్లో ఎవరూ అనకూడదు. చిన్నప్పుడు ఒకసారి నేను, ఇన్నేనా తాతా, అన్నందుకు సాయంత్రం దాకా పొలం గట్టు మీద కూర్చోబెట్టాడు.

కోసిన డబ్బు తిరిగి రావాలంటే జూలై ఆఖరులోగా రిటర్ను వేయాలి. ఆ డబ్బుకు ఇంట్లో ముందే పని నిర్ణయమైపోయింది. అవ్వకు మూడేళ్లలో పళ్లన్నీ ఊడి రెండే మిగిలాయి. పైన ఒకటి, కింద ఒకటి, అవి కూడా ఒకదానికి ఒకటి ఎదురుపడవు. మిర్యాలగూడలో పళ్ల డాక్టరు పైసెట్టు, కిందిసెట్టు కలిపి పది వేల ఐదు వందలు అన్నాడు. పింఛను ఇంటికీ పొలానికీ సరిపోతుంది, డిపాజిట్ కదిలిస్తే వడ్డీ పోతుంది. కోసిన పైసలు రాగానే పళ్లు కట్టిస్తానని తాత మాట ఇచ్చాడు. అవ్వ అప్పటికి ఏడాదిగా సర్వపిండిని, బియ్యప్పిండితో గట్టిగా కాల్చే రొట్టెను, చారులో నానబెట్టుకుని తింటోంది. నానిన సర్వపిండి తినడం అంటే ఏమిటో తిన్నవాళ్లకే తెలుస్తుంది.

హాలియాలో నవీన్‌కుమార్ అన్నకు జిరాక్సు దుకాణం ఉంది. రిటర్నులు కూడా వేస్తాడు. ఆరు వందలు అడిగాడు. ఆరు వందలు ఇస్తే పళ్లకు తక్కువ పడతాయని తాత లేచి వచ్చేశాడు. నేనూరుకోకుండా ఫోనులో వెతికాను. రిటర్ను ఉచితంగా, ఐదు నిమిషాల్లో అని ఒక కంపెనీవాళ్ల ప్రకటన కనబడింది. తాతకు చూపించి, చూడు, చదువుకున్న మనవరాలుంటే ఎంత లాభమో, అని గొప్పలు పోయాను.

ఐదు నిమిషాలు కాదు, ఒక పొద్దు పట్టింది. పింఛను రాశాం, వడ్డీ రాశాం, కోసిన పన్ను రాశాం. తర్వాత వ్యవసాయ ఆదాయం ఉందా అని అడిగింది. తాత అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్నవాడు నిటారుగా లేచి కూర్చుని, ఎకరాకు అరవై బస్తాలని, రెండు పంటలని చెప్పడం మొదలుపెట్టాడు. ఖర్చులు పోను మిగిలింది ఎనభై నాలుగు వేలని తేలింది. రాశాను. చివరి మీట నొక్కగానే ఉచితం అన్న మాట మాయమై, పద్నాలుగు వందల తొంభై తొమ్మిది కట్టమని వచ్చింది. వ్యవసాయ ఆదాయం ఐదు వేలు దాటితే చిన్న ఫారం పనికిరాదట, పెద్ద ఫారం వేయాలట, వాళ్ల ఉచితం చిన్న ఫారానికేనట.

అవ్వ పక్కనే కూర్చుని అంతా వింటోంది. పద్నాలుగు వందలంటే ఎన్ని పళ్లని అడిగింది. పది వేల ఐదు వందలకు ముప్పై రెండు పళ్లయితే, అని నేను లెక్క మొదలుపెట్టాను. లెక్కల్లో నా సంగతి తెలుసు కదా, మధ్యలోనే ఆగిపోయింది. మొత్తానికి నాలుగైదు పళ్లు పోతాయని చెప్పాను. ఏ నాలుగో ఆలోచించుకుంటూ అవ్వ లోపలికి పోయింది.

మర్నాడు నవీన్‌కుమార్ అన్ననే అడుగుదామని ముగ్గురం హాలియా పోయాం. ఫోను చూసి అన్న నవ్వాడు. ఇక్కడందరూ చేసే పనే చెప్పాడు. వ్యవసాయం గడిలో ఎనభై నాలుగు వేలు తీసేసి నాలుగు వేల తొమ్మిది వందలు రాస్తే చాలు, చిన్న ఫారం ఉచితంగా పోతుంది, పది రోజుల్లో డబ్బు పడుతుంది. ఎటూ ఆ ఆదాయం మీద పన్ను లేదు, ఎవరూ అడగరు. తాత ఒప్పుకోలేదు.

“రెండెకరాలకు రెండు పంటలు పండితే ఐదు వేలు గూడ రాలేదని రాయాల్నా?” అన్నాడు.

“రాస్తే ఏమైతది పెద్దయ్యా? భూమికి చదువొచ్చునా?”

“చదువు రాదు గని చెవులుంటయి. వడ్ల పైసలు సర్కారే నా ఖాతాల ఏసింది. గదే సర్కారుకు పండలేదని ఏ మొఖం పెట్టుకొని రాయాలె?”

నేను అన్న పక్షానే మాట్లాడాను. అవ్వ కూడా అన్న పక్షమే. ఒక్క అంకె కోసం పళ్లు ఆపుతావా అని బజార్లోనే అడిగింది. తాత ఆటో దగ్గరికి నడిచాడు. ఆటోలో అవ్వ అటు తిరిగి కూర్చుంది. ఇల్లు చేరాక ఆమె నాతో, తాతకు వినబడేలా అంది, “మీ తాతకు పొలం ఇజ్జత్ కావాలె. నా నోరు ఎట్లున్నా సరే.”

ఆ మాట తాతకు తగిలింది. అన్నం సగం తిని లేచాడు. మాట తప్పే మనిషి కాదు, అబద్ధం రాసే మనిషీ కాదు. రెండింటి మధ్య ఇరుక్కుని రెండు రోజులు పొలం చుట్టూ తిరిగాడు. అప్పటికి జూలై ఇరవై మూడో తారీకు. మూడో రోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“పిల్లా, గీ కాయితం ఆఖరికి ఎవలకు పోతది?”

“సర్కారుకే తాతా.”

“మరి మధ్యల గా కంపెనోడు ఎవడు?”

నోట్లో నురుగు పెట్టుకుని ఆలోచించాను. వాళ్లు నింపడానికి సాయం చేస్తారని, అందుకు డబ్బు తీసుకుంటారని చెప్పాను. తాత తల ఊపాడు. కాలువకు మధ్యలో పైపు వేసి, వచ్చిపోయే నీళ్లనే పక్క రైతుకు అమ్ముకునేవాళ్లను ఆయన ముప్పై ఏళ్లు చూశాడు. అలాంటి రైతు వచ్చి గోల పెట్టినప్పుడల్లా ఒకటే చెప్పేవాడట, పైపు దగ్గర ఎందుకు కొంటావు, తూము దగ్గరికి రా అని.

“సర్కారుకు సొంత జాగా ఉండదా ఫోన్ల? గాడికే పోదాం” అన్నాడు.

ఉంది. ఆదాయపు పన్ను శాఖ సొంత సైటు ఉంది. చిన్న ఫారమైనా పెద్ద ఫారమైనా అక్కడ రూపాయి అడగరు. నాకు ఆ సంగతి తెలియదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ప్రకటనలు ముందు కనబడతాయి, సర్కారు సైటు తనను తాను పొగుడుకోదు. నేనేం చేయను.

ఉచితం కాబట్టి సులువని అనుకోవద్దు. పెద్ద ఫారం పేరుకు తగ్గట్టే ఉంది. మనకు సంబంధం లేని గళ్లు ఎన్నో. షేర్లు అమ్మారా, విదేశాల్లో ఆస్తులున్నాయా అని అడిగింది. విదేశం మాట చదవగానే తాత, ఆంధ్రాలో మా మేనత్తగారి ఊళ్లో ఒక చింతచెట్టు ఉండేదని మొదలుపెట్టాడు. ఆ కథ అయ్యేలోపు సైటు మమ్మల్ని బయటికి గెంటేసింది. మళ్లీ లోపలికి పోతే వ్యవసాయం గడి దగ్గర విత్తనాల ఖర్చే కాదు, నాటు వేసిన కూలీల పేర్లతో సహా చెప్పాడు. మళ్లీ గెంటేసింది.

దాంతో రెండో రోజు పద్ధతి మార్చాం. ముందు అంతా నోటుబుక్కులో రాసుకున్నాం. వడ్లు అమ్మితే వచ్చింది ఒక పక్క, దున్నకం, నాట్లు, యూరియా, కోతమిషను కిరాయి ఇంకో పక్క. కాంటా రసీదులు తాత దగ్గర సంచిలో వరుసగా ఉన్నాయి. అన్నీ సరిచూసుకున్నాక, ఫోను ముందు కూర్చున్నంతసేపు తాత నోరు విప్పకూడదని షరతు పెట్టాను. ఒప్పుకున్నాడు. అవ్వ గడప మీద కూర్చుని కాపలా కాసింది. వ్యవసాయం గడి వచ్చినప్పుడు మాత్రం ఎనభై నాలుగు వేలని నేను కొడుతుంటే, తాత గొంతులోనే లాభం అన్నాడు. వినబడనట్టు ఊరుకున్నాను.

జూలై ఇరవై ఏడున పంపించాం. ఆధార్ నంబరు కొట్టి, ఫోనుకు వచ్చిన అంకెలు కొడితే సంతకం పెట్టినట్టేనంది. కట్టవలసిన పన్ను సున్నా, తిరిగి రావలసింది పది వేల ఆరు వందల నలభై అని చూపించింది.

ఆ తర్వాతదే కష్టమైన కాలం. నవీన్‌కుమార్ అన్న చిన్న ఫారాలు వేసిన వాళ్లకు పదిరోజులకే డబ్బు పడింది. మాకు ఆగస్టు గడిచింది, ఏమీ లేదు. నాకు వీలు దొరికినప్పుడల్లా ఫోను తెరిచి చూసేదాన్ని, పరిశీలనలో ఉంది అన్న ఒకటే మాట. అవ్వ ఏమీ అనేది కాదు. గిన్నెలో చారు పోసుకుని, అందులో రొట్టె ముక్కలు తుంచి వేసుకుని, తాతకు ఎదురుగా కూర్చుని మెల్లగా తినేది. అనడం కంటే అదే ఎక్కువ. ఒకరోజు నేనే ఉండబట్టలేక, చిన్న ఫారం వేసి ఉంటే ఈపాటికి అవ్వ మురుకులు నములుతుండేది కదా తాతా అన్నాను. తాత వరిలో కలుపు తీస్తూనే ఉన్నాడు. తెల్లారి నుంచి మాత్రం తాను కూడా రొట్టె చారులో నానబెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. తాత పళ్లు గట్టివి, చెరుకు కొరుకుతాడు. అవ్వ రెండు రోజులు చూసి, మూడోరోజు గిన్నె లాగేసుకుని ఎండు రొట్టె చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఇద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు.

సెప్టెంబరు మూడో వారంలో ఫోను మోగింది. ఖాతాలో పది వేల తొమ్మిది వందల అరవై పడింది. అడిగినదాని కంటే మూడు వందల ఇరవై ఎక్కువ. ఇన్ని నెలలు తమ దగ్గర పెట్టుకున్నందుకు సర్కారు మిత్తి, అంటే వడ్డీ, కట్టి ఇచ్చిందట. తాత మూడుసార్లు చదివించుకున్నాడు. సర్కారు మిత్తి కట్టడం ఆయన ముప్పై ఒక్క ఏళ్ల నౌకరీలో వినలేదు.

మిర్యాలగూడకు నాలుగుసార్లు తిరిగితే పళ్లు తయారయ్యాయి. మొదటి వారం అవ్వ వాటితో మాట్లాడితే పక్కింటివాళ్లు మాట్లాడినట్టు ఉండేది. తర్వాత అలవాటైంది. దీపావళి ముందురోజు సర్వపిండి చేసుకుని, అంచు మాడిన గట్టి ముక్క ఏరుకుని, అరుగు మీద కూర్చుని నమిలింది. ఆ చప్పుడు లోపలికి వినబడింది. తాత ఆ రోజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

మంచి సమయమని నేను దగ్గర చేరాను. పళ్లకు పోయినవి పది వేల ఐదు వందలు, బస్సు కిరాయి పింఛనులోంచి పోయింది, చాయలకు నూట నలభై, మూడు వందల ఇరవై అలాగే ఉన్నాయి. మూడు రోజులు ఫోను పట్టుకుని కూర్చున్నది నేను. ఆ మిత్తి మన లెక్కలో ముందు లేనిది, ఎవరికీ తెలియనిది, కాబట్టి నా కూలి కింద ఇచ్చేయమన్నాను.

తాత బీడీ ఆర్పి నా వైపు చూశాడు.

“ఇచ్చినోనికి ఎరుకలేదా? గా ఫారంల మిత్తికి గూడ ఒక గడి ఉన్నది, నేను చూసిన. వచ్చే యేడు గది గూడ రాయాలె. రాసేది నువ్వే. కూలి లేదు.”