ఇరవై రెండు పాయింట్ నాలుగు

మా అక్క కూతురికి వికారాబాద్ కాలేజీలో, ఇంటర్ మొదటి ఏడాది కెమిస్ట్రీ టెస్టులో ఒక లెక్కకు సున్నా పడింది. ఆ ఒక్క లెక్కతో తప్పింది. బైపీసీలోంచి తీసి ఆర్ట్స్‌లో కూర్చోబెడతామన్నారు. నర్సు కావాలని దాని ఆశ. తాండూరు బడిలో సైన్సు చెప్పే నేను సెలవు పెట్టి రైలెక్కాను.

ఎనభై శాతం స్వచ్ఛమైన సున్నపురాయి యాభై గ్రాములు కాలిస్తే సున్నం ఎంత? పిల్ల '22.4 గ్రాములు' అని మాత్రమే రాసింది. ఒక మోల్ వాయువుకు 22.4 లీటర్లని పాఠం. ఏమీ తోచని పిల్లలు ఏ లెక్కకైనా ఆ అంకె రాసేస్తారు. లెక్చరర్ అదే అనుకున్నాడు. జవాబు సరిచూడకుండానే కొట్టేసి, క్లాసు ముందు "బట్టీ చిలక" అన్నాడు.

"స్టెప్పులేవి మేడం? ప్రార్థన జేస్తే ఆన్సర్ దిగొచ్చిందా?" అని స్టాఫ్‌రూమ్‌లో నా ముందూ నవ్వాడు. మేం క్రైస్తవులమని ఆయనకు తెలుసు.

ఒళ్ళు మండిపోయింది. దేవుని సన్నిధిని దొంగ జవాబుల కొట్టు అనుకున్నాడా? మా సండే స్కూల్లో వాక్యాలు పుస్తకం మూసి, పైకి చెప్పిస్తాం. ఇంట్లో దానికి లెక్కలూ అలాగే నేర్పాను.

"చెప్పు బిడ్డా," అన్నాను పక్కన నిలబడ్డ పిల్లతో.

అది కళ్ళు మూసుకుంది. "యాభైల ఎనభై శాతం నలభై. వంద గ్రాముల రాయికి యాభై ఆరు గ్రాముల సున్నం..."

"కండ్లు తెరువు, ఇది చర్చి గాదు," అన్నాడాయన.

"నలభైకి ఇరవై రెండు పాయింట్ నాలుగు, సార్." కళ్ళు తెరవలేదు.

ఆయన ఫోన్లో లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. సున్నా కొట్టేసి మార్కులిచ్చాడు. "బైపీసీలనే ఉండనియ్యండి. ఇగ స్టెప్పులు రాయాలె."

స్టెప్పుల మాట న్యాయమే. "మరి క్లాసుల అన్న మాట?"

"జర పోనియ్యండి మేడం."

"పోనియ్య. క్లాసులనే వాపస్ తీసుకోండ్రి."

గంట కొట్టారు. వెనకాలే నడిచి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన బోర్డువైపు తిరిగి తుడుస్తూ, "మొన్నటి సున్నం లెక్క, గామె చేసింది కరెక్టే," అన్నాడు. పిల్ల ముఖం చూడలేదు.

ఆ ఆదివారం సంఘమంతా శత్రువుల కోసం ప్రార్థించింది. ఆయన కోసం నా నోరు పెగల్లేదు. దేవుడు అడిగితే చెప్పుకుంటాను.