రీడింగ్ హాల్లో నేను అరిచిన రోజు

రిటైర్‌మెంట్‌కు ఇంకొక్క విద్యా సంవత్సరం మిగిలి ఉండగా, జూన్ నెలలో, సిద్దిపేటలోని మా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించి, లైబ్రేరియన్ పనితో పాటు ఇంకో బాధ్యత అప్పగించారు. ప్రజ్ఞాపూర్ వైపు వెళ్లే రోడ్డు మీద రిటైరైన వాళ్ల కోసం కట్టిన కాలనీ ఒకటుంది. చిన్న చిన్న ఇళ్లు, అందరికీ కలిపి ఒకే వంటశాల, ఒక నర్సు, నడవడానికి చుట్టూ బాట. ఆ కాలనీకీ మా కాలేజీకీ ఒప్పందం కుదిరింది. అక్కడి పెద్దలు మా క్లాసుల్లో కూర్చోవచ్చు, మా లైబ్రరీ వాడుకోవచ్చు. మా విద్యార్థులు వాళ్లతో కలిసి ప్రాజెక్టు పని చేస్తే క్రెడిట్లు వస్తాయి. క్రెడిట్లంటే డిగ్రీ లెక్కలో కలిసే మార్కుల్లాంటివి. ఈ రాకపోకలన్నీ చూసుకునే కోఆర్డినేటర్‌ని నేను.

వేదా, కార్తీ, పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మీ ఇద్దరూ "అమ్మమ్మా, గట్టిగా మాట్లాడు, వినపడట్లేదు" అంటారు కదా. తప్పు మీ ఫోన్‌ది కాదు, నా ఉద్యోగానిది. కాలేజీలో లైబ్రేరియన్ హోదా లెక్చరర్‌తో సమానమే గానీ, మేము పాఠం చెప్పం. అంటే గొంతు పెంచే అవసరం ఎప్పుడూ రాదు. పైగా నా కుర్చీ వెనకే "నిశ్శబ్దం పాటించండి" అని పెద్ద బోర్డు ఉండేది. దాని కింద కూర్చుని ఎవరితోనైనా గట్టిగా మాట్లాడితే చూసేవాళ్లు నవ్వరా? అలా మాట మెల్లబడింది. ఇంటికొచ్చినా అదే గొంతు. మీ తాతయ్య నేను కోప్పడ్డ సంగతి తెలుసుకోవడానికి నా మొహం చూడాల్సి వచ్చేది.

అలాంటి నా రీడింగ్ హాల్లోకి కాలనీ బస్సు దిగి పెద్దలు వచ్చారు.

మొదటి రోజే హమీదా బేగం గుమ్మంలో ఆగి, లోపలికి తొంగి చూసి, అందరికీ వినపడేలా అడిగింది. "ఏంది మేడం, గింత మంది ఉన్నరు, ఒక్కరు గూడ మాట్లాడ్తలేరు? ఎవరన్న పోయిన్రా?" ఆమె ప్రభుత్వ దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డు ఆ చివర నుంచి ఈ చివరకు వినిపించేలా పేషెంట్లను పిలిచి పిలిచి గొంతు అలా అయింది. నాకు ఉద్యోగం గొంతు తగ్గిస్తే ఆమెకు పెంచింది.

హమీదాతో నాకు ఇంకో తంటా ఉండేది. లైబ్రరీలో ఒక నియమం ఉంది. బీరువాలోంచి తీసిన పుస్తకాన్ని పాఠకులు తిరిగి బీరువాలో పెట్టకూడదు, టేబుల్ మీదే వదిలేయాలి. ప్రతి పుస్తకం వెన్ను మీద ఒక నంబరు ఉంటుంది. విషయాన్ని బట్టి ఇచ్చిన నంబరది. ఆ వరుసలో మేమే సర్దుతాం. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. ఉందని తెలుస్తుంది, దొరకదు. హమీదాకు టేబుల్ మీద సామాను వదిలి లేవడం చేతకాదు. అందరి పుస్తకాలూ పోగుచేసి బీరువాల్లో పెట్టేసేది. అదీ ఎత్తు ప్రకారం, పొడుగువి ఒక వైపు, పొట్టివి ఒక వైపు, మందుల సీసాలు సర్దినట్టు. నేను మెల్లగా నియమం చెప్పాను. ఆమె బీరువా వైపు చూపించి, "గిట్ల ఎంత సాపుగ ఉన్నయో సూడున్రి!" అంది. నిజమే, చూడముచ్చటగానే ఉన్నాయి.

అసలు చిక్కు మాత్రం రాజయ్య సార్‌తో వచ్చింది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కొన్నాళ్లుగా చూపు మధ్యలో మచ్చ ఏర్పడింది. మనిషి అంచులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. అక్షరాలైతే అసలే కనిపించవు. అయినా వచ్చి పేపర్ల టేబుల్ దగ్గర కూర్చుని, పక్కనున్న ఎవరినైనా చదవమనేవారు. చదివితే ఊరికే వినరు. హోటల్లో చాయ్ తాగుతూ ఒకరు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు వాదించుకుంటారు చూడండి, అట్లా ప్రతి వార్తకూ ఒక ప్రశ్న వేసేవారు.

నేను దగ్గరికి వెళ్లి, ఇక్కడ మనసులోనే చదువుకోవాలని చెప్పాను.

"నా మనసుకు కండ్లు లేవు మేడం," అన్నారాయన నవ్వుతూ. "చెవులే ఉన్నయి. గవి గూడ మూస్కోమంటె చెప్పున్రి, రేపటి సంది రాను."

కోపంగా అనలేదు. కాలనీలో ఆయనకు చదివి వినిపించేవాళ్లు లేరు. ఉన్నవాళ్ల చూపూ అంతంతమాత్రమే. ఇక్కడికి రావడం మానేస్తే ఆయన చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఆ టేబుల్ దగ్గరికి తనంతట తానే వచ్చిన పిల్ల లావణ్య. చింతమడక నుంచి రోజూ ఆటోలో వచ్చే డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుతోంది, లెక్కలంటే భయం. ఇద్దరూ మాట్లాడుకుని బేరం కుదుర్చుకున్నారు. ఆమె పేపరు చదివి వినిపించాలి, ఆయన ఆ వార్తల్లోంచే లెక్కలు తీసి నేర్పాలి. నేను వాళ్లిద్దరినీ హాలు చివరి మూలకు మార్చి, మెల్లగా చదువుకోమని చెప్పి, అటు చూడనట్టు ఉండిపోయాను.

మెల్లగా ఎక్కడ! వారం తిరిగేసరికి ఆ మూల కుర్చీలు చాలలేదు. చప్పుడని నాకు ఫిర్యాదు చేసినవాళ్లు కొందరైతే, తమ కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తుకుని అటు జరిగినవాళ్లు ఇంకొందరు. నా వృత్తిలో చదువు జరుగుతోందా లేదా అనడానికి ఒక కొలత ఉంది: కౌంటర్ దగ్గరికి వచ్చి ఎలాంటి పుస్తకం అడుగుతున్నారన్నది. అంతకుముందు పరీక్ష గైడ్లు తప్ప అడగనివాళ్లు, ఆ మూల నుంచి లేచి వచ్చి వానల గురించి, బ్యాంకుల గురించి, పంటల గురించి పుస్తకాలు అడగడం మొదలుపెట్టారు.

ఒప్పందం ఒక ఏడాదికే. విశ్వవిద్యాలయం నుంచి పరిశీలన బృందం వచ్చి చూసి, బాగుందని రాస్తేనే పొడిగింపు. వాళ్లు వస్తున్నారని కబురు రాగానే ప్రిన్సిపాల్ గారికి కంగారు పట్టుకుంది. "మేడం, గోడలకు సున్నం నేను చూస్కుంట. మీ లైబ్రరీల మాత్రం చప్పుడు కావద్దు. చేపల బజార్ లెక్క ఉన్నదని రాసిన్రంటె అయిపోయినట్టే," అన్నారు.

నేను ముందురోజు అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. రేపు బృందం హాల్లో ఉన్నంతసేపూ ఎవరూ నోరు తెరవద్దు, పేపరు పట్టుకుని కూర్చుంటే చాలు. ఆ తర్వాత మీ ఇష్టం. ఒప్పందం ఆగిపోతే ఏమవుతుందో నేను చెప్పకుండానే అందరూ రాజయ్య సార్ వైపు చూశారు. ఆయనే మొదట లేచారు.

"మేడంకు మాట ఇస్తున్నం. ఎవరు మాట్లాడొద్దు. హమీదా బేగం, ముఖ్యంగ నువ్వు."

"అరె, నేనెప్పుడు మాట్లాడిన?" అంది హమీదా. విద్యార్థులతో సహా అందరూ మాట ఇచ్చారు.

మర్నాడు బృందం వచ్చింది. దాని అధ్యక్షురాలు వ్యవసాయ ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. చురుకైన మనిషి, ప్రతి కుర్చీ దగ్గరా ఆగి చూసే రకం. నా హాలు అంత నిశ్శబ్దంగా ఉండటం నా సర్వీసులోనే చూడలేదు. ఫ్యాను తిరిగే చప్పుడు కూడా అతిగా అనిపించింది. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపారు.

ప్రొఫెసర్ గారు రాజయ్య సార్ దగ్గర ఆగి ఏం చదువుతున్నారని అడిగారు. ఆయన మాట్లాడలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుని, గోడ మీద బోర్డు ఉందని గుర్తుపెట్టుకున్న దిక్కుకు చూపించారు. ఆయన చేతిలోని పేపరు తలకిందులుగా ఉంది.

ఆమె లావణ్యను అడిగారు. లావణ్య బెదిరిన కళ్లతో నా వైపు చూసి తల దించుకుంది. హమీదా బేగాన్ని అడిగారు. హమీదా ఎర్రబడిన మొహంతో, లోపల ఏదో ఉడుకుతున్నట్టు పెదవులు బిగబట్టి, లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

ప్రొఫెసర్ గారు నీళ్లు తాగి ప్రిన్సిపాల్ గారితో అన్నారు: "పెద్దవాళ్లనూ పిల్లలనూ ఒక గదిలో కూర్చోబెట్టారు, బాగుంది. కానీ ఎవరు ఎవరి దగ్గర ఏం నేర్చుకుంటున్నారు? నాకేమీ కనిపించట్లేదే. ఇది బస్టాండులో కూర్చున్నట్టే ఉంది." ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. తలకిందుల పేపరు చూశాక నేనైనా అదే రాస్తాను.

నేను గబగబా రాజయ్య సార్ దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పాను, మాట్లాడండి సార్, పరవాలేదు అని. ఆయన అడ్డంగా తల ఊపారు. మళ్లీ చెప్పాను. ఆయన లేచి, లావణ్య చేయి పట్టుకుని, గుమ్మం దాటి వరండాలోకి నడిచారు. నేనూ వెళ్లాను. హాలు దాటాక ఆయన నోరు విప్పారు.

"మేడం, అందరి ముంగట మాట తీస్కున్నరు. గిప్పుడు చెవుల చెప్పి గా మాట ఇడుస్తనంటె ఎట్ల? లోపల గా పోరగాండ్లంత నన్నే సూస్తున్రు. సారే మాట తప్పిండు అనుకోరా? మీరు గూడ అందరు ఇనేటట్టు చెప్పాలె."

"హాల్లోనా సార్? గట్టిగానా?"

"ఆఁ, గట్టిగనే."

చెప్పేసి లోపలికెళ్లి కూర్చుని, పేపరు మళ్లీ పట్టుకున్నారు. ఈసారి అడ్డంగా.

ప్రొఫెసర్ గారు బ్యాగు భుజాన వేసుకుంటున్నారు. నేను హాలు మధ్యకు వెళ్లి నిలబడ్డాను. నోరు తెరిచాను, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గొంతు సవరించుకుని, బోర్డుకు వీపు తిప్పి, ఉన్న బలమంతా కూడగట్టి అరిచాను.

"చదవండి! అందరూ గట్టిగా చదవండి! మాట్లాడండి!"

ప్రిన్సిపాల్ గారి చేతిలోంచి పెన్ను కింద పడింది. అది పడిన చప్పుడు కూడా వినిపించింది. మరుక్షణం హమీదా బేగం, "హమ్మయ్య, పాణం లేసొచ్చింది!" అని నా కంటే గట్టిగా అంది. హాలంతా ఒక్కసారిగా నవ్వింది.

లావణ్య పేపరు తీసుకుని, సరిగ్గా తిప్పి, ఒక చెరువు సగం నిండిందన్న వార్త చదివింది. రాజయ్య సార్ వెంటనే అందుకున్నారు. "ఆగు బిడ్డా. సగం నిండుడంటె ఏంది? ఎత్తు సగమా, నీళ్లు సగమా?"

"రెండు ఒకటే కాదా సార్?" అన్నాడెవరో కుర్రాడు.

"చెరువేమన్న డబ్బానా రా? కింద సన్నగ, మీద ఎడల్పుగ ఉంటది," అంది లావణ్య. "ఎత్తు సగమైతే నీళ్లు సగం కంటె తక్కువుంటయి." చెప్పాక తానే ఆశ్చర్యపోయినట్టు రాజయ్య సార్ వైపు చూసింది. ఆయన ఆ వార్త మళ్లీ చదవమన్నారు. అది ఆయన మెచ్చుకునే పద్ధతి.

అప్పుడు ప్రొఫెసర్ గారు బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మరి పూడిక సంగతేంటి?" అన్నారు. పూడికంటే అడుగున పేరుకునే మన్ను. పాత చెరువుల్లో అది ఎక్కువుంటుంది. గట్టు దగ్గర కొలిచే ఎత్తులో అదీ కలిసిపోతే, మీరు అనుకున్న దాని కంటే నీళ్లు ఇంకా తక్కువే అన్నది ఆమె వాదన. రాజయ్య సార్ పూడికను తాను లెక్కలోకి తీసుకోలేదని ఒప్పుకున్నారు. ఓడిపోయిన మనిషి అంత సంతోషపడటం నేనెక్కడా చూడలేదు. "గిట్లాంటోళ్లు ఒక్కరు ఉండాలె మేడం! మీరు రోజు వస్తరా?" అని అడిగారు.

ఆ కుర్రాడు లేచి నా దగ్గరికి వచ్చి, చెరువుల మీద పుస్తకం ఉందా అన్నాడు. ఉంది. నంబరు నాకు నోటికి వచ్చు. బృందం అంతా చూస్తుండగా ఠీవిగా బీరువా దగ్గరికి వెళ్లాను. ఆ నంబరు దగ్గర పుస్తకం లేదు. పైనా కిందా వెతికాను. లేదు.

"పొడుగు పుస్తకమా మేడం, పొట్టిదా?" అని అడిగింది హమీదా వెనక నుంచి.

"పొడుగుదే," అన్నాను.

ఆమె వచ్చి, కిటికీ పక్క బీరువాలో చేయి పెట్టి తీసి ఇచ్చింది. పరిశీలన బృందం ముందు లైబ్రేరియన్‌కు ఇంతకంటే పెద్ద అవమానం ఉండదు. ప్రొఫెసర్ గారు మొహం పక్కకు తిప్పుకుని నవ్వారు.

ఒప్పందం పొడిగించారు. నివేదికలో ఒక సూచన రాశారు: గొంతెత్తి చదువుకునేవాళ్లకు వేరే గది ఉండాలని. పాత పత్రికల కట్టలు పెట్టే గదిని ఖాళీ చేయించి, అందులో బల్లలు వేయించాను. నేను రిటైరయ్యే నాటికి రాజయ్య సార్ టేబుల్ ఆ గదిలోనే ఉంది. లావణ్యకు తర్వాత ములుగు వైపు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సార్‌కు ఇంకో పిల్ల చదివి వినిపిస్తోందని హమీదా ఫోన్లో చెప్పింది. ఫోన్ లేకపోయినా వినిపించేదేమో.

కాబట్టి, పిల్లలూ, మీ అమ్మమ్మకు గట్టిగా మాట్లాడటం రాదనుకోకండి. రీడింగ్ హాల్లో నిశ్శబ్దం పెట్టింది చదువు సాగడానికి. చెవులతో చదువుకునే మనిషికి అదే అడ్డమైతే ఇంకో గది చూడాలి. ఇది నేను నేర్చుకున్న మొదటి సంగతి. రెండోది, ఉద్యోగంలో ఉన్నవాళ్లెవరికైనా పనికొచ్చేది: అందరి ముందూ పెట్టిన ఆంక్షను ఒకరి చెవిలో ఎత్తేయలేం. ఎంత గొంతుతో పెట్టామో, కనీసం అంత గొంతుతోనైనా తీసేయాలి.