మూడు ముళ్ళ క్యాసెట్

నేను రేడియోలో చేరిన కొత్తలో మా ఆఫీసరుకు నా గొంతు మీద ఎంత నమ్మకమో, నా కాళ్ళ మీద అంత అపనమ్మకం. స్టూడియోలో కూర్చుని, బ్రెయిలీ కాగితం మీద వేళ్ళు జరుపుకుంటూ ప్రకటనలు చదివితే మెచ్చుకునేవాడు. బయటికి వెళ్ళి రికార్డు చేసుకొస్తానంటే మాత్రం "ఎందుకండీ మీకా శ్రమ" అనేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి కళ్ళు పోయిన దగ్గర నుంచి ఆ మాట వింటూనే ఉన్నాను. వినీ వినీ ఒళ్ళు మండేది. అప్పటికే మా ఊరు ఆదోని నుంచి ఒక వారపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. నేను చెబుతుంటే మా చెల్లెలు రాసిపెట్టేది. పత్తి మార్కెట్టులో ఎవరికెవరికి పడటం లేదో నాకు తెలిసినంతగా చూపున్న విలేకరులకు తెలిసేది కాదు. అలాంటి నాకు, ఇంకొకరు రాసింది చదివే గొంతుగా మిగిలిపోవడానికి మనసొప్పలేదు.

ఎనభైల మొదట్లో, నా పోరు పడలేక ఆయన ఒక అవకాశం ఇచ్చాడు. ఎమ్మిగనూరు నేతగాళ్ళ మీద అరగంట కార్యక్రమం చేసుకురావాలి. బాగుంటే నెలకొకటి ఇస్తాడు. బాగా లేకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. సరేనని రికార్డరు భుజాన వేసుకుని, రెండు కొత్త క్యాసెట్లు సంచిలో పెట్టుకుని, పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కాను.

క్యాసెట్ల సంగతి కొంచెం చెప్పాలి. అందరూ వాటి మీద పెన్నుతో రాసుకుంటారు. నేను ప్రతి క్యాసెట్ పెట్టె మూతలో ఒక దారం ఇరికించి బయటికి వేలాడేసేవాణ్ణి. దారం నున్నగా తగిలితే అది ఖాళీ క్యాసెట్. రికార్డు చేశాక ఆ దారానికి మూడు ముళ్ళు వేసేవాణ్ణి. "నీ పెండ్లి సంగతి దేవుడెరుగు, నీ క్యాసెట్లకు మాత్రం అయిపోతాంది" అని మా చెల్లెలు ఆటపట్టించేది.

నేను వెళ్ళింది నలభై ఏళ్ళుగా మగ్గం మీద ఉన్న ఒక పెద్దాయన ఇంటికి. వీధిలో దిగేసరికి మగ్గాల చప్పుడుకు చెవులు దద్దరిల్లిపోతున్నాయి. నాకు కావలసిందీ అదే. కానీ రేడియో ఆయన వచ్చాడని తెలియగానే, సద్దు చేయకూడదని ఒక్కొక్క ఇంట్లో మగ్గం ఆపుకుంటూ వచ్చారు. చివరికి వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఇదేం మర్యాదరా నాయనా అనుకుని, చప్పుడు మధ్యాహ్నం తీసుకుందాంలెమ్మని ముందు పెద్దాయనను మాట్లాడించాను.

ఆయన భార్య నూలు తేవడానికి నేత సంఘానికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. దుప్పట్ల నేత గురించి చాలాసేపు చెప్పి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

"నాకు నూలు రంగు ఆనక రెండేండ్లాయెనప్పా. ఎరుపేదో నలుపేదో తెలీదు. గంపలో నూలు కండెలు పాత అలవాటున ఆ పక్కవి కొన్ని, ఈ పక్కవి కొన్ని అందుకుంటాండా. దేవుని దయ, ఇంతవరకూ దుప్పటి సార తప్పలే. ఇంట్లో సెప్పలే."

రేడియోలో వస్తే అందరికీ తెలుస్తుంది, ఉంచాలా తీసేయాలా అని అడిగాను.

"రానీప్పా. మా ఆడమనిషికి ఎదురుగా సెప్పలేను. రేడియోలో అయితే ఇంటాదిలే."

ఎగిరి గంతేయాలనిపించింది. ఇంతకంటే మంచి కార్యక్రమం ఏముంటుంది. క్యాసెట్ మొదటికి తిప్పి పెట్టెలో పెట్టి, దారానికి గట్టిగా మూడు ముళ్ళు వేశాను.

ఆమె వచ్చి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తిన్నాక మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. నున్నని దారం తగిలిన క్యాసెట్ తీసి రికార్డరులో పెట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చప్పుడంతా పట్టుకున్నాను. తిరిగి వచ్చి ముళ్ళు వేద్దామని కూర్చుని, సంచిలో రెండో పెట్టె తడిమాను. దాని దారమూ నున్నగానే ఉంది.

నా పెట్టెలు ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగితే, పెద్దాయన ఉపకారం చేసినవాడిలా చెప్పాడు. "నేనే ఇప్పినానప్పా, నువ్వు సెయ్యి కడుక్కోను పోయినప్పుడు. నూలుకు ముడుంటే నా సెయ్యి ఊరుకోదు."

కోపం నషాళానికి అంటింది. క్యాసెట్ వెనక్కి తిప్పి విన్నాను. మొదటి నుంచి మగ్గాల చప్పుడే. రెండోది పెట్టి చూస్తే ఉత్త ఖాళీ. ఆయన చెప్పిందంతా చప్పుడు కింద చెరిగిపోయింది. ఇక నాకు స్టూడియో కుర్చీయే గతి అనుకున్నాను. ఏడుపొచ్చింది.

రెండో క్యాసెట్ పెట్టి, మీట నొక్కి, మైకు ఆయన ముందుకు చాపి, పొద్దున చెప్పింది మరోసారి చెప్పమని బతిమాలాను. పక్కనే భార్య రాట్నం మీద కండెలు చుడుతోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంగొకసారి నా నోట రాదప్పా."

రాట్నం ఆగింది.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలీదా?" అందామె. "ఎరుపువి ఎడమ పక్క, నల్లవి కుడి పక్క గంపలో పెడతాండేది ఎవురనుకున్యావు?"

ఆయన ముక్కు ఎగబీల్చిన శబ్దం వినిపించింది. తర్వాత చిన్న నవ్వు.

"దేవుడనుకుంటి," అన్నాడాయన.

క్యాసెట్ తిరుగుతూనే ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ అరగంట మాట్లాడారు. ఆయన గొంతు పొద్దుటికంటే తేలికగా ఉంది. ఇదంతా రేడియోలో వేసుకోవచ్చా అని అడిగితే, దాచిపెట్టి దాచిపెట్టి తనకూ విసుగొచ్చిందని, వేసుకోమని ఆమే చెప్పింది. ఈసారి క్యాసెట్ చొక్కా జేబులో పెట్టుకుని ఇల్లు చేరాను.

ఆఫీసరు మొత్తం విన్నాడు. తర్వాత, వచ్చే నెల ఉరుకుంద తిరునాళ్ళకు వెళ్తారా అని అడిగాడు. ముళ్ళ సంగతి ఆయనకు చెప్పలేదు.

కార్యక్రమం వచ్చిన రోజు నేను ఎమ్మిగనూరులో ఆ పెద్దాయన ఇంట్లోనే కూర్చుని విన్నాను. వీధిలో మగ్గాలన్నీ మళ్ళీ ఆగాయి. అరగంటా ఎవరూ కదల్లేదు. అయిపోయాక అన్నిటికంటే ముందు మొదలైంది ఆ పెద్దాయన మగ్గమే. పది పోగులు నేశాడో లేదో, ఆమె గంప ఆయన పక్కకు జరిపి, వీధికంతా వినపడేలా చెప్పింది.

"ఎడమ పక్కవి ఎరుపు."