అత్తగారి వంగ విత్తనాలు, మా మట్టిగోడ

నా చేతులతో కట్టుకున్న మొదటి ఇల్లు నా కాపురాన్ని దాదాపు కూల్చేసింది. అందులో ఇంటి తప్పేమీ లేదు. తప్పంతా నాది. పెద్దవాళ్లయ్యాక తప్పులు ఒప్పుకోవడం తేలికంటారు గాని, నేను ఈ తప్పు కుర్రతనంలోనే ఒప్పుకున్నాను. గోడ పక్కన నిలబెట్టి మరీ ఒప్పించారు.

మా యానాంలో ఫ్రెంచి జెండా దిగిన మరుసటి ఏడు అది. నేను బడిపంతులుని. వయసు ఇరవయ్యారు. నాకు తెలియని సంగతి కూడా ఒకటి ఉంటుందని అప్పటికింకా ఎవరూ నాతో అనలేదు. కనకాలపేటలో గోదావరి గట్టుకి దగ్గరగా కాస్త జాగా దొరికింది. అందులో ఒక మూల తాటాకు పాక వేసుకుని, నేనూ నా భార్య రూతూ అందులో ఉంటూ, పక్కనే రెండు గదుల మట్టి ఇల్లు మొదలుపెట్టాం. ఇల్లు లేచేసరికి పెరడు కూడా కాపుకి రావాలని రూతు పట్టుదల. గృహప్రవేశం నాడు పెరటి వంకాయలే కూర వండాలట. నేను సరేనన్నాను. పెళ్లయి ఏడాది కూడా కాని మనిషి ఇంకేమంటాడు?

ఆ వంకాయల వెనక చిన్న కథ ఉంది. మా అత్తగారిది దరియాలతిప్ప. ఆవిడ పెరట్లో కాసే తెల్లచారల వంకాయ నోట్లో వేసుకుంటే కరిగిపోయేది. ఆవిడ అత్తగారి కాలం నుంచీ వస్తున్న రకం. రెండేళ్ల కిందటి వరదకి ఆ తోటంతా కొట్టుకుపోయింది. నేలకి ఉప్పు పట్టింది. చూరులో కట్టి ఉంచిన విత్తనాల ముంత ఒక్కటే మిగిలింది. ఆవిడ ఆ ముంత తెచ్చి కూతురి చేతిలో పెట్టి, "ఇంక ఇదేనమ్మా. నా నేల ఇంక పనికిరాదు. ఇది పోతే ఆ కాయ మరి లేదు" అని చెప్పి వెళ్లింది.

ఆ మాటలు నేను తరవాత విన్నాను. ఆవిడ వచ్చిన సమయంలో నేను పోలయ్యకి గోడలు ఎలా పెట్టాలో నేర్పుతున్నాను. పోలయ్య ముప్పై ఏళ్లుగా మట్టిగోడలు పెడుతున్నవాడు. నేను ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అని, తన పద్ధతిలో తను చేసుకుపోయేవాడు. మట్టి తొక్కి, ఎండుగడ్డి కలిపి, మూరెడేసి ఎత్తున వరస మీద వరస పెట్టుకుంటూ పోయాడు. గోడలు నా భుజం దాటాక ఒకరోజు, పై వరసలో కాస్త బూడిద కలిపితే చెద పట్టదండి అన్నాడు.

రూతు మంచినీళ్లకి వెళ్లింది. ఆవిడ వచ్చేదాకా ఆగి అడగడం చేతగానివాళ్ల పని అనుకున్నాను. పాకలోకి వెళ్లి చూస్తే ఒక మూల, గుడ్డ కట్టిన ముంత కనిపించింది. మూత తీస్తే మెత్తటి బూడిద. ఎంత పొందికైన ఇల్లాలు, బూడిద కూడా గుడ్డ కట్టి దాచిందని మురిసిపోయాను. ముంత పట్టుకొచ్చి మట్టిలో బోర్లించాను. అక్కడక్కడా ఉండలు కట్టి ఉంటే, శ్రద్ధగా చేత్తో నలిపాను కూడా. పోలయ్య ఒకసారి వంగి చూసి, "ఇది పొయ్యిలో బూడిదేనా అండి?" అన్నాడు. బూడిదలో రకాలేమిటయ్యా అని కసిరాను. ఆయ్, అలాగేనండి అన్నాడు. తూర్పు గది పై వరస మొత్తం ఆ మట్టితోనే లేచింది.

సాయంత్రం రూతు, పొద్దున చదును చేసుకున్న నారుమడుల్లో గింజలు చల్లుదామని పాకలోకి వెళ్లింది. వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. వచ్చి, "ఏవండీ, ఈ మూల ముంత ఉండాలి. అమ్మ ఇచ్చిన విత్తనాలు బూడిదలో కలిపి పెట్టాను. చూశారా?" అంది.

నిజం చెప్పడానికి అదే సరైన క్షణం. గోడ ఇంకా పచ్చిగానే ఉంది. మట్టి దింపి జల్లించుకుంటే సగమైనా దక్కేవి. కానీ బడిలో పిల్లలకి మొక్కల పాఠం చెప్పే పంతులు, విత్తనాలు తీసుకెళ్లి గోడకి పెట్టానని ఎలా చెబుతాడు? నా నోరు నన్ను అడక్కుండానే, "నేనే మడుల్లో చల్లేశాను. నీకు చెప్పకుండా చేద్దామని" అంది.

రూతు ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక అబద్ధం వెనక్కి తీసుకునే దారి మూసుకుపోయింది.

ఆ మర్నాటి నుంచి నా బతుకు ఎలా గడిచిందో చెబితే మీరు నమ్మరు. పొద్దున్నే లేచి, ఏమీ లేని మూడు మడులకి బిందెలు బిందెలు నీళ్లు మోసేవాణ్ని. కోళ్లు వస్తే తరిమేవాణ్ని. అవి అక్కడ గింజ లేదని తెలిసి తామే వెళ్లిపోయేవి. నేను మాత్రం వెంటపడి మరీ తరిమేవాణ్ని. రూతు గట్టు మీద గొంతుక్కూర్చుని మట్టిలోకి అదే పనిగా చూసేది. ఎన్నాళ్లకి మొలుస్తాయండీ అని అడిగేది. నేల తత్త్వాన్ని బట్టి ఉంటుందని గంభీరంగా చెప్పేవాణ్ని. అన్నం సహించేది కాదు. బడిలో హాజరు పిలుస్తూ ఒకే పేరు రెండుసార్లు పిలిచాను. దొంగచాటుగా సంతకి వెళ్లి వెతికాను. తెల్లచారల వంకాయ పేరు చెబితే, ఆ రకం వరదతో పోయింది కదయ్యా అని కూరలమ్మే ముసలమ్మ నిట్టూర్చింది. నేనేం పోగొట్టానో ఆ క్షణాన తెలిసింది.

ఎనిమిదో రోజున దరియాలతిప్ప నుంచి కబురు వచ్చింది. నారు చూడ్డానికి అత్తగారు వస్తున్నారు, నాలుగు రోజుల్లో.

అంతలో మబ్బులు కమ్మాయి. రెండు రోజులు ఆగకుండా వాన. పైకప్పు ఇంకా పడలేదు కనక గోడల మీద తాటాకులు కప్పి, కరగకుండా ఉండాలని పాకలో కూర్చుని ప్రార్థన చేశాం. రూతు గోడల కోసం, మడుల కోసం ప్రార్థించింది. నేను అత్తగారి ప్రయాణం ఆగాలని ప్రార్థించాను. మడుల్లో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. అది చూసి నాకు లోలోపల ప్రాణం లేచొచ్చింది. విత్తనాలు కుళ్లిపోయాయని చెప్పి బయటపడొచ్చు. మనిషి ఎంతకి దిగజారతాడో చూడండి, నేను చేసిన పాపాన్ని వాన మీదకి తోసేద్దామనుకున్నాను.

మూడో రోజు తెరిపిచ్చింది. పోలయ్య వచ్చి గోడ మీది తాటాకులు ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. తరవాత నెమ్మదిగా, "మేస్టారండీ, గోడ మొలిచిందండి" అన్నాడు.

తూర్పు గది పై వరస ఈ చివర నుంచి ఆ చివరకి లేతాకుపచ్చగా ఉంది. రూతు పీట వేసుకుని ఎక్కి ఒక మొలకని దగ్గరగా చూసింది. కూరపాదుల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, రెండాకుల మీదే పోల్చుకుంది. దిగింది. నీళ్లు నిలిచిన మడుల వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఆ మడుల్లో ఏం వేశారు?"

"నీళ్లు" అన్నాను.

ఆవిడ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "మొదటి రోజే చెప్పి ఉంటే ఏమయ్యేది?" అని మాత్రం అంది. మొత్తం జరిగింది జరిగినట్టు చెప్పేశాను. బూడిద ఉండలు నలిపిన సంగతి కూడా దాచలేదు.

సరిగ్గా అప్పుడే అత్తగారు గట్టు దిగి వస్తున్నారు.

పోలయ్య పార తీశాడు. మొలకల వేళ్లు దిగితే గోడ చీలిపోతుంది, ఇప్పుడే గీకి పారేయాలండి అని తొందరపడ్డాడు. పీకి నాటుదామంటే బంకమట్టిలో లేత వేళ్లు తెగిపోతాయి. మొక్కలు బతకాలంటే వరస దింపాలి. వరస దింపితే వానలు ముదిరేలోపు ఇంటికి కప్పు పడదు. అందరూ నా వైపే చూశారు. నా జీవితంలో సలహా ఇవ్వాలనిపించని క్షణం అదొక్కటే.

"దింపేద్దాం" అని నేనే గోడెక్కాను.

పోలయ్య నీళ్లు కొట్టి పలకలుగా కోస్తుంటే, నేను ఒక్కొక్క మట్టిపెళ్లనీ పసిబిడ్డని అందించినట్టు కిందకి అందించాను. అత్తగారు రూతు చెప్పిందంతా విని, కొంగు బిగించి, గట్టు పక్కన మెరక చూసి వాటిని వరసగా పేర్చారు. పొద్దు వాలేసరికి నా పడకగది ఒక మూర పొట్టిదయింది.

ఆ వానాకాలమంతా తాటాకు పాకలోనే తడిశాం. కానీ మొక్కలు నిలిచాయి. కాయలు దిగాయి. మొదటి కోత నాడు అత్తగారు ఒక కాయ చేతిలో తిప్పి చూస్తూ, "మడుల్లోనే వేసుంటే ఆ వానకి గింజ మిగిలేది కాదు. గోడలో పడబట్టి బతికాయి, అల్లుడుగారూ" అన్నారు.

నేను ఛాతీ విరిచాను. గొంతు సవరించుకున్నాను. నోరు తెరిచేలోపు రూతు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈయన ముందు అలా అనకే అమ్మా. వచ్చే ఏడు కూడా గోడలోనే వేస్తారు."

ఆ వంగతోట సాక్షిగా, చేతిలో బుట్టతో నిలబడి నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట నా భార్య ఏదైనా పని అయిందా అని అడిగితే, అయిందని చెప్పేముందు వెళ్లి ఆ పని చేసి వస్తానని. నేటికీ మాట తప్పలేదు. దానివల్ల వచ్చిన కష్టం ఒకటే, ఈ ఇంట్లో పనులన్నీ నేనే చెయ్యాల్సివస్తోంది.