రెండు పెట్టినా పర్లేదంట

ఏళ్ల తరబడి నా గుండెల మీద ఏనుగు కూర్చుని ఉంది. గున్న ఏనుగు కాదు, మావటితో సహా నిండు ఏనుగు. ఇంట్లో ఎవరికీ కనబడదు. మీకు చూపిస్తున్నాను.

గోరంతలు కొండంతలు చేయడం నా అలవాటు. అమెరికాలో మేముండే ఊరు హెర్న్‌డన్‌లో చినుకు పడితే నా నోట తుఫాను. అలాంటివాణ్ణి ఒక్కసారి మాత్రం ఒక మాటను తగ్గించి చెప్పాను.

పిల్లలు లేక 2006లో టెస్ట్‌ట్యూబ్ వైద్యానికి వెళ్లాం. నా భార్య శారదకు అమెరికన్ల యాస చెవికెక్కదు. క్లినిక్‌వాళ్లు తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలా అంటే, మొగుణ్ణి నేనుండగా దండగ అన్నాను. అప్పటికే స్నేహితులందరి దగ్గరా ‘మాకు కవలలే, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ’ అని జోకు పేల్చి ఉన్నాను.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒక్క పిండమే పెడదాం. రెండు పెడితే కవలలు కలగడం మామూలే. కవలలు తరచు నెలలు నిండకుండా పుడతారు. తల్లికి బీపీ పెరిగి ప్రాణం మీదికీ రావచ్చు.

“ఏమంటోందండీ?” అంది శారద.

“రెండు పెట్టినా పర్లేదంట. కాస్త జాగ్రత్తగా ఉంటే చాలంట.”

“మరి మొహం అలా పెట్టిందేంటి?”

“వీళ్ల మొహాలంతే. బర్త్‌డే కేక్ కోస్తున్నా పోస్ట్‌మార్టం చేస్తున్నట్టే ఉంటారు.”

శారద పకపకా నవ్వింది. నవ్వుతూనే డాక్టరమ్మతో “టూ. ఓకే” అంది. ఆమెకు అన్నీ చెప్పారా అని డాక్టరమ్మ నన్నడిగింది.

“ఎవ్రీథింగ్” అన్నాను.

ఏడో నెలలో శారద కాళ్లు ఉబ్బాయి. తలనొప్పి. ఒక పొద్దున కాఫీ అందిస్తే, కప్పు పక్కనున్న గాలిని పట్టుకుంది. చూపు మసకబారిపోయింది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. శారద బతికింది. పెద్దపిల్ల బతికింది. చిన్నది నా అరచేతిలో ఇమిడేంత ఉంది. ఇందులో నేను గోరంతను కొండంత చేసిందేమీ లేదు. గాజుపెట్టెలో కొన్నాళ్లుండి వెళ్లిపోయింది.

ఒక్కటే పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కానీ ఏది కావాలో ఎంచుకోవాల్సింది ఆమె కదా? మోయాల్సిన ఒళ్లు ఆమెది కదా? స్నేహితుల ముందు ఒక జోకు నిజం కావడం కోసం డాక్టరమ్మ మాటను మింగేశానా? మింగేశాను.

“నా ఒంట్లోనే సత్తువ లేదు, ఇద్దర్ని మోయలేకపోయాను” అంటుంది శారద ఇప్పటికీ. “ఊరుకో” అంటాను. ఓదారుస్తున్నానని ఆమె అనుకుంటుంది. మొన్న కార్‌లో పెద్దపిల్ల అడిగింది: “మమ్మీ బాడీ వీక్ కదా డాడీ, నాకు కూడా అలాగే అవుతదా?”

నేను రేడియో పెట్టాను.

శారద ఒంట్లో ఏ లోపమూ లేదు. అబద్ధం చెప్పింది నేను. ఆమెకు ఇంకా చెప్పలేదు, చెబుతానని మాట ఇచ్చే ధైర్యమూ లేదు. కానీ ఈ రెండు వాక్యాలనూ మొదటిసారి రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.