పొద్దున్నే మారిపోయే గోడ

మా పిన్నికి ఎవరిమీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. పాలు ఇంటికి రాగానే ఒకసారి, కాచాక ఒకసారి వాసన చూస్తుంది. తాళం వేసి మూడు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళంకప్ప లాగి చూస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే, "ఏంటి, నాతో ఏమైనా పనిపడిందా?" అని అడుగుతుంది. ఈ గుణం పుట్టుకతో రాలేదు, చేసే పనివల్ల వచ్చింది అంటుంది తను.

పిన్ని దుకాణాలకు బోర్డులు రాస్తుంది. ఆమె గీసిచ్చిన నమూనాలను "ఇంట్లో చూపించి చెప్తాం" అని పట్టుకెళ్ళి, వాటినే ఫ్లెక్సీ కొట్టించుకున్న దుకాణాలు మా వీధిలోనే నాలుగున్నాయి. వాటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆమె తల తిప్పుకోదు. ఆగుతుంది. పైన ఉన్న తన గీతల్ని తీరిగ్గా చూసుకుంటుంది. లోపలున్న మనిషి తల దించుకున్నాకే కదులుతుంది.

అసలు ఆ పని బాబాయిది. పెళ్ళయ్యాక పిన్ని ఆయన దగ్గరే నేర్చుకుంది. స్కేలు లేకుండా గోడ పొడవునా గీత లాగేవాడాయన. ఆరేళ్ళ కిందట ఒక మందుల దుకాణం బోర్డు రాస్తుంటే ఒక అక్షరం తోక పక్కకు జారింది. తుడిచి రాశాడు. మళ్ళీ జారింది. మూడోసారి నిచ్చెన దిగి, కుంచె పిన్ని చేతిలో పెట్టి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. వణుకు తగ్గుతుందే కానీ పోదన్నాడు డాక్టరు. పిన్ని ఆయన కుంచెలన్నీ పాత దుప్పట్లో చుట్టి అటకమీద పెట్టేసింది. అప్పటినుంచి బాబాయి పొద్దున్నే ఆరింటికి నడకకు వెళ్ళడం, వచ్చి వంట చేయడం, పేపరు చదువుకోవడం. పిన్ని పనిగురించి ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంట్లో ఆ మాట ఎత్తకుండా మసలుకోవడం మాకందరికీ అలవాటైపోయింది.

మా వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణానికీ జిరాక్సు షాపుకీ మధ్య ఒక పాత గోడౌను ఖాళీగా ఉండేది. ఇరవై ఏళ్ళు ఓడల్లో వంటవాడిగా తిరిగొచ్చిన ఒకాయన దాన్ని తీసుకుని, మెక్సికన్ రెస్టారెంటు పెడతానన్నాడు. మూడు గోడలనిండా రంగురంగుల బొమ్మలు కావాలని మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆయన అన్న మొదటి మాట, "సార్ లేరా అమ్మా?"

"సార్ మానేశారు. నేనే చేస్తున్నాను," అంది పిన్ని.

"అయ్యో, అట్లాగా. సరే, మీరే చేయండి."

ఆ 'అయ్యో'ను పిన్ని మనసులో పెట్టుకుంది.

పని మాత్రం ఆమె చేతికి ఎన్నడూ రానంత పెద్దది. ఎడమ గోడమీద సంత. జడలు వేసుకున్న ఆడవాళ్ళు వీపుల మీద తెల్లపూల బుట్టలు మోస్తుంటారు. కుడి గోడమీద నీలం ఇల్లు, దాని ముందు మనిషెత్తు బ్రహ్మజెముడు, కిటికీమీద చిలక. వెనకగోడకు టోపీలు పెట్టుకుని పాటలు పాడే అస్థిపంజరాలు.

"తిండి తినేచోట ఎముకలగూళ్ళా?" అంది పిన్ని.

"మెక్సికోవాళ్ళకవి భయంకాదమ్మా, సరదా. చచ్చినవాళ్ళు కూడా పాటకి లేచొస్తారని."

పిన్ని నమ్మలేదు కానీ సుద్దతాడుతో గోడమీద గీతలు కొట్టి, గళ్ళు గీసి, పదింటి నుంచి ఆరింటి దాకా పనిచేయడం మొదలుపెట్టింది.

నాలుగోనాడు పొద్దున వెళ్ళేసరికి సంతగోడమీద ఏదో తేడాగా అనిపించింది. బుట్టలో పూలన్నీ తను నిటారుగా వేసింది. వాటిలో ఒకటి వంగి ఉంది. ఎండకు సొమ్మసిల్లిన పువ్వులాగా, కాడ దగ్గర చిన్న నీడతో సహా. తనే వేసి మరిచిపోయిందేమో అనుకుంది. మర్నాడు చిలక రెక్కమీద ఈకలు రేగి ఉన్నాయి. గాలి వీస్తున్నట్టుంది. పిన్ని చిలక నున్నగా, సబ్బుమీద బొమ్మలా ఉండేది. ఇది ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరేలా ఉంది.

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎందుకో నాకు తరవాత చెప్పింది: "ఎవరో చెడగొడితే అంత కోపం వచ్చేది కాదే. బాగుచేశారు చూడు, అదీ మంట."

ఆ రెక్కమీద ఆకుపచ్చ పూసి, తన చిలకను తను మళ్ళీ వేసుకుంది. ఆ మర్నాటికి అస్థిపంజరాల్లో ఒకదానికి ముందుపన్ను ఊడిపోయి ఉంది. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన తొంగిచూసి, "ఈ పన్నులేని ఆయన్ని భలే వేశారండీ, మా మావయ్యే!" అని పడీపడీ నవ్వాడు. పిన్ని తను వేసినట్టే తలూపింది. ఇంటికొచ్చాక ఆ తల ఊపినందుకు అన్నం సయించలేదు.

ముందు ఓనరును నిలదీసింది. "నా గోడమీద ఎవరు చెయ్యి పెడుతున్నారు?"

"గోడమీదా? ఎవరు పెడతారమ్మా? నాకు సున్నం వేయడం కూడా రాదు," అన్నాడాయన, ఫ్రిజ్ తలుపు తెరిచి అందులోకి చూస్తూ. ఆ ఫ్రిజ్‌కు ఇంకా కరెంటు ఇవ్వలేదు.

పిన్నికి లెక్క తేలిపోయింది. ఓనరు ఎవడో కొత్త పెయింటరును దొంగచాటుగా తెప్పిస్తున్నాడు. వాడిచేత తన పని దిద్దించి, రేపు అస్థిపంజరాల గోడ పూర్తిగా వాడికే ఇచ్చి, తనను పంపించేస్తాడు. ఆ రోజునుంచి సాయంత్రం వెళ్ళేముందు కుంచెల పిడులన్నీ ఎడమవైపుకు తిప్పి పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చేసరికి ఒక పిడి కుడివైపుకు ఉండేది. కుంచె వెంట్రుకలు వేళ్ళతో నొక్కి చూసేది. తడి. అంటే వాడు వచ్చేది రాత్రి కాదు. పొద్దున్నే.

పొద్దున ఏడింటికే వచ్చే మనిషి వంటమాస్టరు ఒక్కడే. రెస్టారెంటు తెరిచేలోపల చేయి తిరగాలని అప్పటికే రోజూ వండి చూస్తున్నాడు. నెమ్మదైన మనిషి. మధ్యాహ్నం పిన్నికి తిండిపెట్టి, రుచి ఎలా ఉందో అడిగి, ఆమె చెప్పింది శ్రద్ధగా వినేవాడు. ఒకనాడు పళ్ళెం అందిస్తుంటే ఆయన గోళ్ళలో ఎరుపు కనిపించింది. గోడమీద ఆ పొద్దున్నే ఒక ఎముకలగూడు మెడలో ఎర్ర రుమాలు వెలిసి ఉంది.

"మాస్టారూ, వంటే చేస్తున్నారా, రంగులు కూడా వేస్తున్నారా?"

"ఏంటమ్మా?"

"ఆ గోళ్ళు చూపించండి."

ఆయన రెండు చేతులూ చాపాడు. "ఎండుమిరపకాయల ముద్దమ్మా ఇది. వాసన చూస్కోండి."

పిన్ని నిజంగానే వంగి వాసన చూసింది. ముక్కు ఘాటెక్కి తుమ్మింది. వంటమాస్టరు చేతులు వెనక్కి తీసుకుని, "ముప్పై ఏళ్ళలో నన్ను దొంగన్నవాళ్ళు లేరు," అని లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆమె పళ్ళెం కిటికీలో పెట్టి గంట కొట్టేవాడు, అంతే. రుచి సంగతి అడగలేదు.

అనుమానం మనిషిని తిననివ్వదు, పడుకోనివ్వదు. ఇంట్లో బాబాయి ఎదుట కూడా నోరు విప్పలేదామె. పని సంగతి ఎత్తితే ఆయనకు బాధ అని ఒక కారణం. రెండోది, తన గీత కంటే ఎవరిదో గీత బాగుందని ఆయనకు తెలియడం ఇష్టంలేదు. ఆ రోజుల్లో బాబాయి హుషారుగా ఉన్నాడని, నడకనుంచి వస్తూ ఈలలు వేస్తున్నాడని నాకు గుర్తుంది. పిన్ని గమనించలేదు. నూనె రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనైతే ఆయన గుమ్మంలో ఉండగానే పట్టేసేది. ఇవి నీళ్ళలో కలిసే రంగులు. కడుక్కుంటే వాసనే ఉండదు.

మూడోవారంలో ఒకరోజు బాబాయి నడకకు వెళ్ళిన పది నిమిషాలకు పిన్ని బయల్దేరింది. జిరాక్సు షాపు అరుగుమీద స్తంభం చాటున నిలబడింది. రెస్టారెంటు షట్టరు అప్పటికే సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్ళింది.

ఆమెవైపు వీపు పెట్టి స్టూలుమీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ చొక్కా తను ఉతికి ఆరేసిందే.

బాబాయి కుడి మోచేతిని గోడకు ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. కుంచె వణుకుతోంది. ఆయన దాన్ని ఆపడంలేదు. వణుకు వచ్చేదాకా కాచుకుని, వచ్చినప్పుడే కుంచెమొనను గోడకు తాకిస్తున్నాడు. ఒక్కో వణుకుకు చిలక రెక్కమీద ఒక్కో ఈక పడుతోంది. ఆయన గీత ఎక్కడున్నా పోల్చుకుంటానని పిన్నికి నమ్మకం. కానీ ఆమె ఎరిగింది నిటారు గీత. ఈ గీతను ఆమె ఎన్నడూ చూడలేదు.

"నడకకెళ్ళారనుకున్నా," అంది.

బాబాయి వెనక్కి తిరిగాడు. "నడిచే వచ్చా," అన్నాడు.

ఇంకొకప్పుడైతే నవ్వేదేమో. "మూడువారాలు నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఆ వంటాయన్ని దొంగన్నాను. నాకొక్కమాట చెప్తే ఏం పోయేది?"

"నువ్వు చూస్తుంటే చెయ్యి ఇంకా వణుకుద్ది."

"నేనేం చేశానండీ అంత?"

"కుంచెలు అటకెక్కించావుగా. పోయినోళ్ళ బట్టలు సర్దినట్టు సర్దావు. నేను బతికే ఉన్నా."

"మీకు బాధని..."

"నన్నడిగావా?"

పిన్ని గోడ దగ్గరికి వెళ్ళి తడి ఈకలను చూసింది. తరవాత, "నా గోడమీద గీసేముందు మీరు నన్నడిగారా?" అంది.

బాబాయి కుంచెను నీళ్ళ డబ్బాలో ముంచాడు.

అప్పుడే లోపలినుంచి ఓనరు రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చి, ఆమెను చూసి, వెనక్కి తిరగబోయాడు. "ఆగండి, మీకూ ఉంది," అంది పిన్ని. ఆయన అక్కడే నిలబడి అంతా ఒప్పుకున్నాడు. మొదటిరోజు బాబాయి షట్టరు సందులోంచి తొంగిచూస్తుంటే తనే లోపలికి పిలిచానన్నాడు. ఒక్క పువ్వు దిద్దుతానని అడిగాడట. ఆ పువ్వు చూశాక తనకు వద్దనబుద్ధి కాలేదట.

"వద్దనక్కర్లేదు. చెప్పుండాల్సింది," అని పిన్ని ఇంటికొచ్చేసింది. రెండురోజులు పనికి పోలేదు, బాబాయితో మాట్లాడలేదు. మూడోరోజు నన్ను పిలిచి కుర్చీ పట్టుకోమని, అటకెక్కి దుప్పటిమూట దించింది. కొన్ని కుంచెలకు పురుగు పట్టింది. బాగున్నవాటిని సబ్బునీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, బాబాయి పేపరు చదివే బల్లమీద పెట్టింది.

"అస్థిపంజరాలు మీరు వేయండి," అంది. "పదింటికి, నాతోపాటు. నేను చూడను. నా గోడలు నేను వేసుకుంటాను. కానీ వాటిని తాకితే ఊరుకోను."

ఆమె చూడకుండా ఉండలేదు. ఆయన తాకకుండానూ ఉండలేదు. మిగిలిన పదిరోజులూ ఆ గోడౌనులోంచి వాళ్ళ పోట్లాట వీధిలోకి వినిపిస్తూనే ఉంది. వంటమాస్టరుకు పిన్ని అందరిముందూ క్షమాపణ చెప్పింది. ఆయన "పర్లేదమ్మా" అన్నాడు కానీ, రుచి ఎలా ఉందని అడగడానికి మరో నెల పట్టింది.

రెస్టారెంటు తెరిచినరోజు నేనూ వెళ్ళాను. జనం తినడం మాని గోడలు చూశారు. వెనకగోడమీద టోపీల కింద ఎముకలన్నీ నిజంగా పాటకు ఊగుతున్నట్టున్నాయి. నీలం ఇంటి గోడలు మాత్రం పిన్నివి. వాటి అంచులు నిక్కచ్చిగా, కత్తితో కోసినట్టు ఉన్నాయి. "ఈ రెండూ ఒకే మనిషివేనా?" అని ఎవరో అడిగారు. "కాదు," అన్నారిద్దరూ ఒకేసారి.

ఇప్పుడు ఒక పిల్లల డాక్టరు తన ఆసుపత్రి వరండాకు ఏనుగులూ కోతులూ వేయమన్నాడు. ఏనుగులు పిన్ని, కోతులు బాబాయి. పొద్దున్నే ఇద్దరూ కలిసే బయల్దేరుతున్నారు. రంగుల డబ్బాలు ఆమె పట్టుకుంటే, స్టూలు ఆయన భుజాన వేసుకుంటున్నాడు.